ఉపకార వేతనానికి పేరు ఎందుకు? – హవాయి విశ్వవిద్యాలయ ఉదాహరణతో ఒక వివరణ

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పదవీ విరమణ చేసిన ఆచార్యుని పేరిటనో, అకాలంగా మరణించిన సహాధ్యాయి పేరిటనో ఒక బంగారు పతకాన్ని గాని, ఉపకార వేతనాన్ని గాని నెలకొల్పాలని పూర్వ విద్యార్థులు ముందుకు రావడం తరచుగా జరుగుతుంది. అటువంటి ప్రతిపాదన వచ్చినప్పుడు సభ ఎప్పుడు, చెక్కు ఎవరికి, ఫలకం మీద ఏమి రాయాలి అన్న విషయాలపై జరిగినంత చర్చ ఆ నిధి నియమావళిపై జరగదు. ఒక పేరుతో ముడిపడిన ఉపకార వేతనం ఎట్లా నిలుస్తుంది, ఎట్లా క్షీణిస్తుంది, దానికి పెట్టిన పేరు ఏ పని చేస్తుంది అన్న ప్రశ్నలను పరిశీలించుటకు ఒక ద్వీప విశ్వవిద్యాలయం, అనగా హవాయి విశ్వవిద్యాలయం, అనువైన ఉదాహరణ. అక్కడ ఒక ఉపకార వేతనం వెనుక నూరేళ్ళ కథ ఉన్నది. ఆ కథలోని వస్తువు మన అడవుల్లోని ఒక చెట్టుకు సమీప బంధువైన చెట్టు గింజల నూనె.

హవాయి విశ్వవిద్యాలయం 1907లో వ్యవసాయ, యాంత్రిక కళల కళాశాలగా హొనొలులులో స్థాపితమైంది. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం ఆధారంగా ఏర్పడిన భూదాన కళాశాలల కోవకు చెందినది ఇది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అదే భూదాన నమూనాపై, కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయ సహకారంతో రూపుదిద్దుకున్నది కనుక బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలను ఒకే గొడుగు కిందకు తెచ్చిన ఆ సంప్రదాయం మన పాఠకులకు కొత్త కాదు. 1911లో ఆ సంస్థ పేరు కాలేజ్ ఆఫ్ హవాయిగా మారింది. 1912లో మనోవా లోయకు తరలింది. విలియం క్వాయ్ ఫాంగ్ యాప్ అనే బ్యాంకు ఉద్యోగి సంతకాలు సేకరించి సమర్పించిన విజ్ఞాపన ఫలితంగా 1920లో విశ్వవిద్యాలయ స్థాయి పొందింది. నేడు మూడు విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, ఏడు సామాజిక కళాశాలలు కలిసి పది ప్రాంగణాల వ్యవస్థగా పనిచేస్తున్నది.

ద్వీపాలలో చదువు ఖర్చు కేవలం బోధనా రుసుము కాదు. మౌయి, కవాయి, మొలొకాయి వంటి దీవుల విద్యార్థి మనోవాకు రావాలంటే సముద్రం దాటాలి. విమాన ప్రయాణం, వసతి, భోజనం వంటివన్నీ ఓవాహు దీవిలోనే ఇల్లు ఉన్న విద్యార్థికి లేని ఖర్చులు. బయటి రాష్ట్రం నుండి వచ్చే విద్యార్థి చెల్లించే రుసుము స్థానిక విద్యార్థి రుసుముకు సుమారు మూడు రెట్లు. ఆ కారణంగా స్థానికతను, స్వగ్రామాన్ని, చదివిన పాఠశాలను గుర్తించే షరతులు అక్కడి ఉపకార వేతనాల్లో సహజంగానే చోటు చేసుకుంటాయి. శ్రీకాకుళం మన్యం నుండి గాని, ఆదిలాబాద్ గూడేల నుండి గాని రాజేంద్రనగరానికో, బాపట్లకో వచ్చే విద్యార్థిని తలచుకుంటే ఈ షరతుల అంతరార్థం మనకు సులభంగా బోధపడుతుంది.

మూలధనం, వినియోగం

పేరున్న ప్రతి ఉపకార వేతనమూ ఒక్క తీరుగా నడవదు. అమెరికాలో పేద విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటుకు సెనేటర్ క్లేబోర్న్ పెల్ పేరు ఉన్నది. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇచ్చే అంతర్జాతీయ ఫెలోషిప్‌కు నేతాజీ సుభాష్ పేరు ఉన్నది. ఇవి పేరు కలిగినవే గాని వీటి వెనుక ప్రత్యేకమైన మూలధనం లేదు. ఏటేటా ప్రభుత్వ బడ్జెట్టు కేటాయింపుపై ఆధారపడతాయి. కేటాయింపు ఆగిన నాడు పేరు ఒక్కటే మిగులుతుంది. దాత ఏటా కొంత సొమ్ము పంపుతూ నడిపే వేతనాలు రెండవ తరహా. అవి దాత ఓపిక ఉన్నంత కాలం నడుస్తాయి. మూడవది శాశ్వత నిధి. దాత ఇచ్చిన మూలధనాన్ని ముట్టుకోకుండా మదుపు చేసి, రాబడిలో కొంత భాగాన్ని మాత్రమే ఏటా విద్యార్థికి ఇవ్వడం దీని పద్ధతి. హవాయి విశ్వవిద్యాలయం తరఫున ఇటువంటి నిధులను స్వీకరించి నిర్వహించుటకు 1955లో ప్రత్యేకంగా ఒక ఫౌండేషన్ ఏర్పడింది.

‘కొంత భాగం’ అన్న మాటలోనే మర్మమంతా ఉన్నది. ఒక లెక్క చూడండి. దాత పది లక్షల రూపాయలు ఇచ్చాడని, దానిపై ఏటా ఏడు శాతం రాబడి వస్తుందని అనుకుందాము. వచ్చిన రాబడి మొత్తం పంచితే విద్యార్థికి ఏటా డెబ్బై వేలు అందుతాయి. ఆ అంకె ఎన్నేళ్ళయినా మారదు. ధరలు ఏటా అయిదు శాతం పెరుగుతున్న పక్షంలో సుమారు పద్నాలుగేళ్ళకు ఆ డెబ్బై వేల కొనుగోలు శక్తి సగమవుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళకు నాలుగో వంతుకు చేరుతుంది. అట్లా కాక నాలుగు శాతం మాత్రమే పంచి, మిగిలిన మూడు శాతాన్ని తిరిగి మూలధనంలో కలిపితే మొదటి ఏడు విద్యార్థికి నలభై వేలే వస్తాయి. ఇది దాతకు, విద్యార్థికి కూడా నిరుత్సాహం కలిగించే మొత్తమే. కాని పంతొమ్మిదేళ్ళకు ఈ వేతనం డెబ్బై వేలకు చేరుతుంది. ఇరవై నాలుగేళ్ళకు ఎనభై వేలు దాటుతుంది, మూలధనం కూడా రెట్టింపవుతుంది. ఇక్కడ ఒక మాట దాచకూడదు. ధరలు అయిదు శాతం పెరుగుతుండగా నిధి మూడు శాతమే పెరిగినచో ఆ రెండవ పద్ధతి కూడా క్షీణతను నెమ్మదింపజేస్తుందే గాని పూర్తిగా ఆపదు. రాబడి నుండి పంపకాన్ని తీసివేయగా మిగిలినది ధరల పెరుగుదలకు సమానమైనప్పుడే నిధికి శాశ్వతం అన్న విశేషణం తగుతుంది.

అమెరికా విశ్వవిద్యాలయాల నిధులు సాధారణంగా నాలుగు నుండి అయిదు శాతం వరకు పంచుతాయి. ఆ శాతాన్ని కూడా ఆ ఒక్క ఏటి విలువపై కాక గడచిన కొన్నేళ్ళ సగటు విలువపై లెక్కగడతారు. మార్కెట్టు ఒక ఏడు ఎగసి మరుసటి ఏడు పడిపోయినా విద్యార్థికి అందే మొత్తం ఒక్కసారిగా తారుమారు కాకుండా ఉండుటకే ఈ ఏర్పాటు. వర్షాధార సేద్యంలో ఒక్క ఏటి దిగుబడిని చూసి నిర్ణయం తీసుకోని శాస్త్రవేత్తలకు ఈ తర్కం వేరుగా చెప్పనక్కరలేదు. అయినప్పటికీ 2008 ఆర్థిక సంక్షోభంలో అనేక నిధుల విలువ దాత ఇచ్చిన అసలు మొత్తం కంటే దిగువకు పడిపోయింది. అసలుకు లోటు వచ్చినప్పుడు పూర్తిగా పంపకం ఆపాలా, లేక వివేకంతో కొంత పంచవచ్చునా అన్న ప్రశ్నపై 2006 నాటి నమూనా చట్టం రెండవ మార్గానికి అవకాశమిచ్చింది. తదనంతరం హవాయితో సహా అత్యధిక రాష్ట్రాలు ఆ నమూనాను స్వీకరించాయి.

మన దగ్గర దాతలు ఎక్కువగా బంగారు పతకాన్ని ఎంచుకుంటారు. పతకానికి ఇచ్చిన మొత్తాన్ని బ్యాంకులో వేసి, వడ్డీతో ఏటా పతకం చేయించడం ఆనవాయితీ. బంగారం ధర వడ్డీని దాటిపోగానే పతకం బరువు తగ్గుతుంది, పిమ్మట బంగారు పూతగా మారుతుంది. దీనిని తప్పుపట్టుట నా ఉద్దేశం కాదు. పతకం గౌరవ చిహ్నం, అది స్నాతకోత్సవ వేదికపై చదువు పూర్తయిన వాడికి అందుతుంది. ఉపకార వేతనం చదువు మధ్యలో, భోజనశాల బిల్లు కట్టవలసిన నెలలో అందాలి. దాతకు ఈ తేడాను ముందే వివరించుట విశ్వవిద్యాలయం చేయదగిన మేలు.

షరతులు

షరతు ఎంత ఇరుకైతే నిధి అంత త్వరగా మూలన పడుతుంది. ఫలానా గ్రామంలో పుట్టి, ఫలానా పాఠశాలలో చదివి, ఫలానా పంటపై పరిశోధన చేసే విద్యార్థికే ఇవ్వాలన్న దానపత్రం రాసిన రోజున ఎంతో ఆత్మీయంగా ఉంటుంది. ఇరవై ఏళ్ళకు ఆ పాఠశాల మూతపడవచ్చు, ఆ పంట ఆ ప్రాంతం నుండి తొలగిపోవచ్చు. హవాయిలో చెరకు, అనాస తోటలు దీవుల జీవనాన్ని శాసించిన కాలం ఒకటి ఉండేది. మౌయిలోని చివరి పెద్ద చెరకు క్షేత్రం 2016లో మూతపడింది. చెరకు తోట కార్మికుని బిడ్డకే అన్న షరతు ఎక్కడైనా ఉన్నచో ఆ షరతుకు సరిపడే దరఖాస్తుదారు క్రమంగా కరవవుతాడు. అప్పుడు సొమ్ము పంచే వీలు లేక నిధిలోనే పేరుకుంటుంది. పుస్తకాల్లో నిధి పెరిగినట్లు కనిపిస్తుంది, విద్యార్థికి మాత్రం అందదు.

ఈ చిక్కుకు చట్టంలో పరిష్కారం లేకపోలేదు. దాత ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా ఉండే మరొక ప్రయోజనానికి నిధిని మళ్ళించుటకు న్యాయస్థానం అనుమతించవచ్చు. పైన పేర్కొన్న నమూనా చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు దాటిన, ఇరవై అయిదు వేల డాలర్ల లోపు ఉన్న చిన్న నిధుల విషయంలో ప్రభుత్వ న్యాయాధికారికి నోటీసు ఇచ్చి సంస్థయే షరతును సడలించుకోవచ్చు. ఆ మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇంతకంటె సులభమైన మార్గం దానపత్రంలోనే ఒక వాక్యం రాసుకోవడం: మొదటి షరతుకు సరిపడే అభ్యర్థి లేని ఏడు రెండవ షరతు, అదీ లేనిచో మూడవది. ‘ప్రాధాన్యం ఇవ్వాలి’ అన్న మాటకు, ‘మాత్రమే ఇవ్వాలి’ అన్న మాటకు మధ్య నిధి భవితవ్యమంతా ఊగిసలాడుతుంది.

ఆలిస్ బాల్ పేరిట

ఇక పేరు విషయం. 2017లో హవాయి విశ్వవిద్యాలయంలో ఆలిస్ అగస్టా బాల్ పేరిట ఒక శాశ్వత నిధి ఉపకార వేతనం ఏర్పడింది. రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం చదివే విద్యార్థులకు అది ఉద్దేశించబడినది. దాత ఆమె బంధువు కాడు, సంపన్న పారిశ్రామికుడూ కాడు. ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి, ఆమె జీవితాన్ని చాలా ఏళ్ళు పరిశోధించి, ఉపన్యాసాలిచ్చిన వ్యక్తి. ఆమె మరణించిన నూరేళ్ళకు ఒక గ్రంథాలయాధికారి ఆమె పేరిట నిధి పెట్టవలసిన అవసరం ఎందుకు కలిగినదో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి.

ఆలిస్ బాల్ 1892లో సియాటిల్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1912లో ఔషధ రసాయన శాస్త్రంలోను, 1914లో ఫార్మసీలోను పట్టాలు పొందారు. ఉన్నత విద్యకు కాలేజ్ ఆఫ్ హవాయిలో చేరి, మన మిరియపు తీగకు, తమలపాకుకు దగ్గరి బంధువైన కావా మొక్క రసాయనాలపై సిద్ధాంత గ్రంథం రాసి 1915లో మాస్టర్స్ పట్టా అందుకున్నారు. ఆ సంస్థలో ఆ పట్టా పొందిన తొలి మహిళ, తొలి నల్లజాతి వ్యక్తి ఆమెయే. అక్కడే రసాయన శాస్త్ర బోధకురాలు కూడా అయ్యారు.

ఆ కాలంలో హవాయిలో కుష్ఠు రోగిగా నిర్ధారణ అయిన వారిని కుటుంబం నుండి వేరుచేసి మొలొకాయి దీవిలోని కలావుపాపా ద్వీపకల్పానికి పంపేవారు. 1866లో మొదలైన ఆ నిర్బంధ విధానం 1969 వరకు కొనసాగింది. ఆ శతాబ్దంలో సుమారు ఎనిమిది వేల మంది అక్కడికి పంపబడ్డారు. కుష్ఠుకు అప్పటికి కాస్తో కూస్తో గుణమిచ్చే మందు చాల్మూగ్రా నూనె. ఆసియా దేశాల సంప్రదాయ వైద్యంలో ఎంతో కాలంగా ఉన్నదే. మన పడమటి కనుమల్లో పెరిగే ఆ జాతి చెట్టును తెలుగులో అడవి బాదం అని, దాని గింజలను నీరడి విత్తులని పిలుస్తారు. నూనె తాగితే కడుపులో నిలవదు, వాంతి అవుతుంది. సూదితో ఎక్కిస్తే చిక్కని ఆ నూనె కండలో కరగక చర్మం కింద గడ్డలు కడుతుంది. రోగికి వ్యాధి ఒక బాధ, మందు మరొక బాధ.

హొనొలులులోని కలిహి ఆసుపత్రిలో పనిచేసే వైద్యుడు హ్యారీ హోల్మన్ ఈ సమస్యను ఆలిస్ బాల్ ముందుంచారు. బోధన సాగిస్తూనే ఆమె ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలను వేరుచేసి, వాటిని ఇథైల్ ఎస్టర్లుగా మార్చారు. ఈ రూపంలో అది పలుచబడి, సూది ద్వారా శరీరంలోకి ఇంకే వీలు ఏర్పడింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై మూడేళ్ళు. ఫలితాలను ప్రచురించకముందే జబ్బుపడి, 1916 డిసెంబర్ 31న ఇరవై నాలుగేళ్ళ వయస్సులో కన్నుమూశారు.

ఆ కళాశాల అధ్యక్షుడు ఆర్థర్ డీన్ కూడా రసాయన శాస్త్రవేత్తయే. ఆయన ఆ పనిని కొనసాగించి, ఔషధాన్ని పెద్ద మొత్తంలో తయారు చేయించి, ఫలితాలను ప్రచురించారు. ఆమె పేరు మాత్రం ప్రస్తావించలేదు. పద్ధతి ‘డీన్ పద్ధతి’గా ప్రచారం పొందింది. కలిహి ఆసుపత్రి నుండి 78 మంది రోగులు ఈ చికిత్స అనంతరం విడుదలైనట్లు వైద్య పత్రికలో నివేదిక వెలువడింది. ఇది సంపూర్ణ నివారణ కాదు. కొందరిలో వ్యాధి తిరగబెట్టింది కూడా. అయినా 1940లలో సల్ఫోన్ మందులు వచ్చే వరకు ఇంతకంటె మెరుగైనది లేదు. 1922లో హోల్మన్ తన వ్యాసంలో ఈ విధానాన్ని ‘బాల్ పద్ధతి’ అని పేర్కొని, తరువాత చేసిన మార్పులు ఆమె మూల ప్రక్రియకు మెరుగు కూర్చలేదని స్పష్టంగా రాశారు. ఆ వాక్యం పత్రిక పుటల్లోనే ఉండిపోయింది. దశాబ్దాల అనంతరం కాథరిన్ టకారా, స్టాన్లీ అలీ వంటి పరిశోధకులు పాత దస్త్రాలు తిరగవేసి ఆమె కృషిని వెలికితీశారు. 2000లో విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోని చాల్మూగ్రా చెట్టు వద్ద ఆమె పేరిట ఫలకం ఏర్పాటు చేసింది. 2007లో పాలక మండలి మరణానంతర పతకం ప్రకటించింది.

ఫలకం, పతకం వచ్చిన పదేళ్ళకు ఉపకార వేతనం వచ్చింది. ఈ మూడింటిలో చివరిదే బలమైనదని నా అభిప్రాయం. ఫలకాన్ని దారిన పోయేవారు చదివితే చదువుతారు, లేకుంటే లేదు. ఉపకార వేతనానికి దరఖాస్తు చేసే విద్యార్థి ఆ పేరు ఎవరిదో తెలుసుకొని తీరాలి; ఎంపిక సంఘం ఏటా ఆ పేరును పలకాలి; పొందిన విద్యార్థి తన జీవన పట్టికలో జీవితాంతం రాసుకుంటాడు. అదే ప్రాంగణంలో డీన్ పేరిట ఒక భవనం ఇప్పటికీ ఉన్నది. ఆ రెండు పేర్లూ పక్కపక్కన ఉండడమే అక్కడి విద్యార్థికి ఒక పాఠం. భవనాల పేర్లు మారవని కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ పోర్టియస్ జాతి వివక్షతో కూడిన రాతలపై విద్యార్థుల నిరసన ఫలితంగా ఆయన పేరును ఒక భవనం నుండి పాలక మండలి 1998లో తొలగించింది. 2001లో అది సాండర్స్ భవనమైంది. భవనం పేరు మార్చుటకు మండలి తీర్మానం చాలు. దాతతో ఒప్పందమున్న నిధి పేరు మార్చడం అంత తేలిక కాదు. కాబట్టి పేరును స్వీకరించే ముందే విచారణ జరగాలి.

మన వైపు చూపు

మట్టిలోనో, మొక్కలోనో భాస్వరాన్ని రంగు గాఢత ద్వారా అంచనా వేసే విధానాలను నేర్చిన విద్యార్థులకు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి సుపరిచితం. 1925 నాటి ఆ పద్ధతిలో ఆచార్యుని పేరుతో పాటు సహాయకుడైన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా నిలిచింది. భీమవరంలో పుట్టిన ఆ యువకుడు 1922లో బోస్టన్ చేరుటకు మామగారు సమకూర్చిన సొమ్ముతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ తోడ్పడింది. రంగూన్ వ్యాపారంలో ఆర్జించిన సొత్తును ధర్మానికి రాసి వెళ్ళిన ఒక తెలుగు వర్తకుని వీలునామా, ఆయన ఎన్నడూ ఊహించని జీవరసాయన శాస్త్రానికి ఊతమైంది. ఆయన పేరు మీద విద్యాసంస్థలు నేటికీ నడుస్తున్నాయి.

సుబ్బారావు పేరు పద్ధతిలో మిగిలింది, ఆలిస్ బాల్ పేరు మిగలలేదు. ఈ తేడాకు ఉపకార వేతనం కారణం కాదు. ప్రచురణలో పేరు రాసిన చేతులు కారణం. స్నాతకోత్తర విద్యార్థి చేసిన ప్రయోగం ఆ విద్యార్థి వెళ్ళిపోయిన పిమ్మట ఎవరి పేరుతో వెలువడుతున్నది అన్న ప్రశ్న మన శాఖల్లో కూడా గుసగుసగా వినిపించేదే. సిద్ధాంత గ్రంథం ఆధారంగా వెలువడే వ్యాసంలో ఆ విద్యార్థి పేరు ఏ స్థానంలో ఉండాలన్నది ప్రవేశ సమయంలోనే రాతపూర్వకంగా తేల్చుకుంటే నూరేళ్ళ తరువాత గ్రంథాలయాధికారులకు పని తగ్గుతుంది.

కొత్తగా నిధి నెలకొల్పే పూర్వ విద్యార్థుల సంఘాలకు విస్తరణ శాస్త్రవేత్తలు చెప్పదగిన ఆచరణాత్మక సలహా ఇంతే. దానపత్రంలో ఏటా ఎంత శాతం పంచాలో, ఎన్నేళ్ళ సగటుపై లెక్కించాలో, మిగిలినది మూలధనంలో ఎప్పుడు కలపాలో అంకెల్లో రాయించండి. షరతుల్లో ‘ప్రాధాన్యం’ అన్న మాట వాడండి. అభ్యర్థి దొరకని ఏటికి ప్రత్యామ్నాయం పెట్టండి. సొమ్ము ఏ నెలలో విద్యార్థి ఖాతాకు చేరాలో నిర్ణయించండి. పేరు ఎవరిదో ఆ వ్యక్తి చేసిన పనిని ఒక పుటలో రాయించి దరఖాస్తు పత్రానికి జతచేయండి. ఆ పుట రాయుటకు ఆ వ్యక్తి వెంట పనిచేసిన క్షేత్ర సహాయకులు, ప్రయోగశాల సిబ్బంది జీవించి ఉండగానే వారిని అడగడం మంచిది.